బొగ్గు ధూళిలోకి దిగే ముందు

పైకి లేచే నల్లటి దుమ్ము చూసి అందరూ ముఖం తిప్పుకుంటారు. అసలు ప్రమాదం కంటికి ఆనని రేణువులతో. 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటినవి చాలావరకు ముక్కులోనో గొంతులోనో చిక్కి కఫంతో బయటికొచ్చేస్తాయి. 4, 5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. అక్కడ దుమ్మును పైకి నెట్టే సీలియా అనే సన్నని వెంట్రుకలు ఉండవు, ఎదురయ్యేది మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణమే.

అది బాక్టీరియాను మింగితే అరిగించేస్తుంది, బొగ్గును అరిగించలేదు. నిండేకొద్దీ కదలిక మందగిస్తుంది, టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి వాపు రసాయనాలు వదులుతుంది. ఆ వాపుతో ఊపిరితిత్తుల్లో మచ్చలు పడతాయి, ఇదే న్యూమోకోనియోసిస్ అనే జబ్బు. అది చనిపోతే లోపలి బొగ్గు బయటపడి మరో కణం పాలవుతుంది. పని మానేశాక కూడా జబ్బు ముదిరేది ఇందుకే. ఒకసారి పడిన మచ్చను చెరిపే మందు లేదు.

రాతి పొరలు కోసేచోట మరీ జాగ్రత్త. రాతిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం మాక్రోఫేజ్ లోపల మింగినదాన్ని అరిగించే లైసోజోమ్ సంచులను చీల్చి కణాన్నే చంపేస్తుంది. క్షయ సోకే ముప్పూ పెరుగుతుంది.

అందుకే మాస్కు కంటే ముందు నీళ్లు చూసుకోండి. దుమ్ము లేచాక చల్లితే లాభం తక్కువ. కోత యంత్రం పళ్ల దగ్గరే నీళ్లు పడాలి. షిఫ్టు మొదట్లో నీళ్లు చిమ్మే నాజిళ్లు చూసి, మూసుకుపోయినవి శుభ్రం చేయండి. పొడి చీపురు వాడొద్దు. బట్టలమీది ధూళిని కంప్రెసర్ గాలితో ఊదడం ఇంకా చెడ్డది, పడిన సన్న రేణువులన్నీ మళ్లీ ముక్కు ఎత్తుకు లేస్తాయి.

తువ్వాలు, గుడ్డ మాస్కు చాలవు. కనీసం సన్న ధూళిని 95 శాతం ఆపే ఎన్95 మాస్కు, రాతి ధూళి ఉంటే దాదాపు పూర్తిగా ఆపే పీ100 మేలు. ఒక పట్టీ నడినెత్తిన, రెండోది చెవుల కింద మెడకు రావాలి. ముక్కు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కండి. మాస్కును అరచేతులతో కప్పి గట్టిగా ఊపిరి వదిలినప్పుడు అంచుల్లో గాలి తగిలితే సరిగ్గా అతకలేదన్నమాట. అంచు కింద గడ్డం ఉంటే ఎంత ఖరీదైన మాస్కయినా అతకదు, గీసుకోవాల్సిందే. ఊపిరి బరువైనా, మాస్కు తడిసినా మార్చండి. మాట్లాడటానికని మెడకు దించితే లోపలివైపు ధూళి పడుతుంది, తిరిగి పెట్టుకోగానే దాన్నే పీలుస్తారు.

మొదట్లో జబ్బు లక్షణాలేవీ చూపదు. అందుకే పనిలో చేరకముందే ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయించి కాగితాలు దాచుకోండి, తర్వాతి పరీక్షలను వాటితో పోల్చాలి. రెండు వారాలు దాటిన దగ్గును ధూళి దగ్గని వదిలేయకుండా కఫం పరీక్షకు ఇవ్వండి. పొగ తాగేవారు మానేయడం ఉత్తమం. పొగ సీలియానూ మాక్రోఫేజ్‌లనూ రెండింటినీ దెబ్బతీస్తుంది.

బంకరు (బొగ్గు నిల్వ తొట్టి) వంటి మూసిన చోటికి ఈ మాస్కు నమ్ముకొని దిగకండి. అది ధూళినే ఆపుతుంది. ఆక్సిజన్ ఇవ్వదు, మీథేన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపదు. గాలి పరీక్ష చేశాకే లోపలికి.