హోటళ్లు, రెస్టారెంట్లు బాలల హక్కులను గౌరవించేలా చేయడం ఎలా?

బాలల హక్కుల విషయంలో సాయం కోసం నన్ను పిలిచిన హోటళ్లలో చాలాచోట్ల మొదట చూపించేది ఒక బోర్డు. "ఇచ్చట బాలకార్మికులు లేరు" అని రాసిన ఆ బోర్డు రిసెప్షన్ వెనుక గోడకు, అతిథుల కంటపడే ఎత్తులో ఉంటుంది; అంట్లు తోమే చోట మాత్రం ఉండదు. బోర్డు తగిలించి, విధానపత్రం మీద సంతకం పెట్టి, సిబ్బందిని ఒక పూట కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించి, ఇక పని అయిపోయిందనుకునే పద్ధతిని చూసి చూసి విసిగిపోయి, ఈ పనిని వరుసగా ఎలా చేయాలో, ముఖ్యంగా ఎక్కడ చెడగొడుతున్నారో రాస్తున్నాను.

హోటల్‌కూ పిల్లలకూ మధ్య సంబంధం ఒక్క రకంగా ఉండదు. పనిలో ఉన్న పిల్లలు, పనివాళ్ల పిల్లలు, అతిథులుగా వచ్చే పిల్లలు, ఎవరో పెద్దవాళ్లు గదికి తీసుకువచ్చే పిల్లలు, కూరగాయలో దుప్పట్లో సరఫరా చేసేవారి దగ్గర మన కంటపడకుండా పనిచేసే పిల్లలు, వీరందరూ ఈ లెక్కలోకి వస్తారు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 18 ఏళ్లలోపు వారిని బాలలుగా పరిగణిస్తుంది. యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, సేవ్ ద చిల్డ్రన్ కలిసి 2012లో వ్యాపార సంస్థల కోసం 10 సూత్రాలను వెలువరించాయి. వాటిని కంఠతా పట్టనవసరం లేదు. బాలకార్మికత నిర్మూలన, యువ కార్మికులకూ తల్లిదండ్రులకూ గౌరవప్రదమైన పని, ప్రాంగణంలో పిల్లల భద్రత, ప్రకటనలలో సంయమనం అనే నాలుగింటిని గట్టిగా పట్టుకుంటే హోటల్‌లో రోజూ ఎదురయ్యే సమస్యలలో ఎక్కువ భాగం వాటి కిందికే వస్తాయి.

చేతిలో ఉండవలసినవి

జీతాల పట్టీ, హాజరు పట్టీ, కాంట్రాక్టర్ల జాబితా, సరఫరాదారుల జాబితా, ఆ దేశంలో కనీస పనివయసును నిర్ణయించిన చట్టం ప్రతి, స్థానిక బాలల సంరక్షణ అధికారుల ఫోన్ నంబరు, చూసినది రాయడానికి ఒక కుట్టిన పుస్తకం ఉంటే చాలు. పుస్తకం కుట్టినదే కావాలి. విడికాగితాలూ కంప్యూటర్ ఫారాలూ నేను ఒప్పుకోను; కుట్టిన పుస్తకంలో పేజీ చింపితే జాడ తెలుస్తుంది, తేదీ వెనక్కి జరిపితే పక్క పేజీ పట్టిస్తుంది.

విధానపత్రం ఒక్క పేజీ దాటకూడదు. వంటవాడు నిలబడి ఒక నిమిషంలో చదవలేనిదైతే దానిని మళ్లీ రాయండి.

తిరిగి చూడటం

ముందు ద్వారం నుంచి లోపలికి వెళ్లకండి. సరుకులు దిగే వెనుక గేటు దగ్గర మొదలుపెట్టి, అంట్లు తోమే చోటు, వంటగది, లాండ్రీ, స్టోర్ రూమ్, సిబ్బంది పడుకునే గదులు చూసుకుంటూ వచ్చి, యజమాని గదిని చివరికి ఉంచండి. మధ్యాహ్న భోజనాల రద్దీ తగ్గాక ఒకసారి, రాత్రి మూసే ముందు ఇంకొకసారి వెళ్లాలి, ఎందుకంటే పగటి హోటల్ వేరు, రాత్రి హోటల్ వేరు. తనిఖీ సంస్థల వారు ఉదయం 10 గంటలకు, ముందుగా చెప్పి వచ్చి, నూటయాభై ప్రశ్నల పట్టిక నింపుకుని మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. ఆ పట్టికలో "అవును" అన్న గడులు ఎన్ని ఉన్నా, ఆ వేళకు లేని మనిషి వారికి కనబడడు కదా.

వయసు విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒడంబడికను ప్రాతిపదికగా తీసుకోండి. సాధారణంగా పనికి కనీస వయసు 15 ఏళ్లు, అదీ నిర్బంధ విద్య ముగిసే వయసుకు తగ్గకూడదు; అభివృద్ధి చెందుతున్న దేశాలకు మొదట్లో 14 ఏళ్ల వెసులుబాటు ఉంది; ప్రమాదకరమైన పనికి 18 నిండాలి. దేశ చట్టం ఇంతకంటె కఠినంగా ఉంటే దానినే పాటించాలి. 16 ఏళ్ల కుర్రవాడు చట్టబద్ధంగా చేరినా మరిగే నూనె దగ్గర, మాంసం కోసే యంత్రం దగ్గర, ఘాటైన శుభ్రపరిచే రసాయనాల దగ్గర, రాత్రి షిఫ్టులో అతణ్ణి ఉంచకూడదు. పుట్టినతేదీ పత్రం ప్రతిని మాత్రమే తీసుకోవాలి. అసలు పత్రాన్ని అట్టే పెట్టుకోవడం వెట్టిచాకిరీకి ఒక గుర్తు అని మేనేజరుకు స్పష్టంగా చెప్పండి. చాలామంది దానిని జాగ్రత్త చర్య అనుకుంటారు.

పిల్లవాడు పనిలో కనబడితే

ఇంతవరకు చెప్పినదంతా ఎవరైనా చేయగలరు. పని చెడేది ఇక్కడే, కాబట్టి ఈ దశను తొందరపడకుండా చదవండి.

తొలినాళ్లలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక రెస్టారెంట్ వెనుక భాగంలో పన్నెండు, పదమూడేళ్లకు మించని పిల్లవాడు పాలప్యాకెట్లు వచ్చే ప్లాస్టిక్ ట్రేను బోర్లించి, దాని మీద నిలబడి గిన్నెలు తోముతున్నాడు. అతని రబ్బరు తొడుగులు పెద్దవాళ్లవి. జారిపోకుండా మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు. నేను నివేదిక రాసి మేనేజరు చేతికిచ్చి వచ్చాను. ఆ సాయంత్రమే పిల్లవాణ్ణి పంపించేశారు, నా నివేదికకు జవాబుగా "లోపం సవరించబడింది" అని రాసి పంపారు. కొన్ని వారాల తరువాత, అతడు అంతకంటె చిన్న చోట, అంతకంటె తక్కువ కూలికి, రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్నాడని అక్కడి తోటి పనివాడు చెప్పాడు. మొదటి రెస్టారెంట్ కాగితాల మీద శుభ్రపడింది. పిల్లవాడి పరిస్థితి నా వల్లనే దిగజారింది.

అందుచేత మొదటి నియమం ఇది: పిల్లవాడికి ఆ రాత్రి ఎక్కడ భోజనం, ఎక్కడ పడక, ఇంటికి వెళ్లే ఆ డబ్బు ఇక ఎక్కడినుంచి వస్తుంది అనేవి తేలకుండా అతణ్ణి గేటు దాటించకూడదు. ప్రమాదకరమైన పని నుంచి మాత్రం ఆ క్షణమే తప్పించాలి. కత్తి, పొయ్యి, వేడినీళ్లు, రసాయనం దగ్గర నుంచి తీసుకువచ్చి, నెమ్మదిగా ఉండే చోట కూర్చోబెట్టి, తినడానికి ఏమైనా పెట్టాలి. పనినుంచి తప్పించడం వేరు, ప్రాంగణం నుంచి తరిమేయడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడమే అన్ని అనర్థాలకూ మూలం.

మాట్లాడేది ఒక్కరే కావాలి, మేనేజరూ కాంట్రాక్టరూ వినపడేంత దూరంలో ఉండకూడదు, అలాగని తలుపు మూసిన గదిలోనూ కాకూడదు. "నీ వయసెంత?" అని మొదలుపెట్టకండి, చేర్పించినవాళ్లు చెప్పమన్న జవాబు ముందే నేర్చుకుని ఉంటాడు. ఏ తరగతి దాకా చదివాడు, తోబుట్టువులలో ఎన్నోవాడు, ఎవరితో వచ్చాడు అని అడిగితే వయసు దానంతటదే బయటపడుతుంది. ఒకసారి అడిగినదానిని ఇంకొకరు వచ్చి మళ్లీ అడగకూడదు. ఫోటో తీయకూడదు. "మరేం ఫర్వాలేదు, అంతా సర్దుకుంటుంది" అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టే అధికారం మీ చేతిలో లేదు.

తరువాత ఎటు వెళ్లాలన్నది అతను చెప్పినదానిని బట్టి ఉంటుంది. కనీస వయసు దాటిన కుర్రవాడై, చేస్తున్న పని మాత్రమే ప్రమాదకరమైతే, అతణ్ణి పగటివేళ సురక్షితమైన పనికి మార్చి, గంటలు తగ్గించి, ఉద్యోగం నిలపాలి. కనీస వయసు లోపలివాడైతే బాలల సంరక్షణ అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. బడి, ఇల్లు, ఆశ్రయం గురించిన నిర్ణయాలు వారివి, హోటల్ వంతు ఖర్చు భరించడం. రావలసిన కూలి అంతా పెద్దవాళ్ల రేటుతో లెక్కగట్టి చెల్లించాలి, వైద్య పరీక్ష చేయించాలి, అతడు చదువులో ఉండి పనివయసుకు వచ్చేవరకు కుటుంబానికి నెలనెలా కొంత మొత్తం అందేలా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఆ ఉద్యోగమే ఇవ్వగలిగితే అంతకంటె మంచి దారి లేదని నా అభిప్రాయం. ఇది ఖరీదైన వ్యవహారమని యజమాని అంటాడు. పిల్లవాడికి ఇన్నాళ్లు తక్కువ కూలి ఇచ్చి మిగుల్చుకున్నది ఎంతో అదే పుస్తకంలో లెక్క వేసి చూపించండి.

అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది మూడో సందర్భం. కుటుంబం తీసుకున్న అడ్వాన్సుకు బదులుగా పిల్లవాణ్ణి పంపారనీ, లేదా మధ్యవర్తి ఎవరో వేరే ఊరి నుంచి తీసుకొచ్చారనీ తెలిస్తే, అది మామూలు బాలకార్మికత కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999 నాటి 182వ ఒడంబడిక అత్యంత హీనమైన రూపాలుగా పేర్కొన్న వాటిలో అప్పుకు కట్టుబడిన చాకిరీ, పిల్లల అక్రమ రవాణా ఉన్నాయి. అప్పుడు కాంట్రాక్టరును పిలిచి సంజాయిషీ అడగడం పెద్ద పొరపాటు. మీరు అడిగిన గంటలో పిల్లవాడూ, అతనితో వచ్చిన మిగతా పిల్లలూ మాయమవుతారు. ఇంటికి బస్సెక్కించడమూ పొరపాటే, ఎందుకంటే అతణ్ణి పంపినవాళ్లు ఆ ఇంట్లోనే ఉండవచ్చు. ముందు అధికారులకు, ఆ తరువాతే మిగతావారికి. ఫోన్ చేసిన సమయం, మాట్లాడినవారి హోదా, వారు చెప్పినది పుస్తకంలో రాయండి. పిల్లవాడి పేరు మాత్రం అందరి చేతుల్లో తిరిగే ఆ పుస్తకంలో రాయవద్దు.

రిసెప్షన్, సిబ్బంది, ప్రకటనలు

పర్యాటక రంగంలో పిల్లల లైంగిక దోపిడీని అరికట్టేందుకు 1998లో మొదలైన, 'ద కోడ్' అనే పేరుతో తెలిసిన ప్రవర్తనా నియమావళి సంస్థలకు 6 షరతులు పెడుతుంది. సిబ్బందికి శిక్షణ, సరఫరాదారుల ఒప్పందాలలో నిబంధన, ప్రయాణికులకు సమాచారం వాటిలోనివి. నా వరకు నేను చెప్పేది ఒకటే: గదిలో దిగే ప్రతి బిడ్డ వివరాలనూ ప్రతి కుటుంబం దగ్గరా నమోదు చేయండి, అనుమానం వచ్చినవారి దగ్గర మాత్రమే కాదు. అందరినీ అడిగినప్పుడు ఎవరికీ అవమానం ఉండదు, తప్పించుకోజూసేవాడు మాత్రం తడబడతాడు. బిడ్డ పేరు చెప్పలేకపోవడం, రోజుల తరబడి గది శుభ్రం చేయనివ్వకపోవడం, ఒకే గదికి కొత్త మనుషులు వచ్చిపోవడం వంటివి అనుమానించదగిన సంకేతాలే కాని రుజువులు కావు. రిసెప్షనిస్టు నిలదీయకూడదు, డ్యూటీ మేనేజరుకు చెప్పాలి, ఆయన పోలీసులకు చెప్పాలి. శిక్షణను రాత్రి షిఫ్టు వారితో మొదలుపెట్టండి, శుభ్రపరిచే సిబ్బందిని వదిలేయకండి. గది లోపల చూసేది వారే.

పనివాళ్ల పిల్లల సంగతి చాలామందికి తట్టదు. షిఫ్టుల పట్టికను రెండు వారాల ముందే ప్రకటిస్తే తల్లి బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలో చూసుకుంటుంది; రాత్రికి రాత్రి మార్చితే ఆ బిడ్డ స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల మీద నిద్రపోతుంది. అదే కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒడంబడిక కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, పాలిచ్చే తల్లికి రోజూ విరామం ఉండాలంటుంది. విరామం ఇచ్చి చోటు చూపకపోతే ఇచ్చినట్టు కాదు.

ప్రకటనల గురించి ఒక్క మాట: అతిథుల పిల్లల ఫోటోలను తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, బిడ్డ ఇష్టం రెండూ లేకుండా వాడవద్దు. అనుమతి ఉన్నా ఈతకొలను ఫోటోలు వద్దంటాను.

ఆరు నెలల తరువాత చెప్పకుండా, అదే వెనుక గేటు నుంచి, అదే వేళకు మళ్లీ వెళ్లండి. అంట్లు తోమే చోట కాళ్ల కింద ఎత్తుకోసం ఏమైనా వేసి ఉందా, కొక్కేనికి వేలాడే తొడుగులకు రబ్బరు బ్యాండ్లు ఉన్నాయా చూశాక, కుట్టిన పుస్తకం తెరవండి. అందులో ఆరు నెలలుగా ఒక్క పంక్తీ పడకపోతే సంతోషించి వెనుదిరగకండి. చూసినది రాయడానికి సిబ్బంది భయపడుతున్నారని భావించి, ఆ రాత్రి షిఫ్టు వారితోనే శిక్షణ మళ్లీ మొదలుపెట్టండి.