బాడీ కట్టించిన కొత్త బండిని రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తుంటే దారిలో ఆపేశారా? సమస్య - పరిష్కారం

ఛాసిస్ (బాడీ లేని ఒట్టి చట్రం, ఇంజనూ చక్రాలతో) కొన్నారు, బెజవాడ ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో షెడ్డుకిచ్చి బాడీ కట్టించారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించి నంబర్ వేయించుకోవడానికి నెల్లూరు తెస్తున్నారు. కావలి దాటకముందే ఆపారు. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది, "అన్నా, అన్ని కాగితాలూ ఉన్నాయి, అయినా కేసు రాస్తామంటున్నారు" అని. ఇలాంటివి చాలా చూశాను కాబట్టి వరసగా చెప్తాను.

ముందు టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) తేదీ చూడండి

నేను మొదట అడిగేది ఇదే. సగం మంది ఆ కాగితం తీసి చూసేది నేను అడిగాకే. పెయింట్ ఆరలేదనో చెక్క రాలేదనో షెడ్డు వాళ్ళు రోజులు జరుపుతారు, ఈలోపు టీఆర్ గడువు అయిపోతుంది. ఎన్ని రోజులు ఇస్తారనే రూలు మధ్యలో మారింది, అందుకని పక్కవాళ్ళ బండికి ఎంత ఇచ్చారని అడగొద్దు, మీ కాగితం మీద ఏ తేదీ ఉందో అదే లెక్క.

గడువు దాటితే ఆ బండి రిజిస్ట్రేషన్ లేని బండే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192 కింద మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా ఉంది. అది చిన్న నష్టం. టీఆర్ అయిపోయాక యాక్సిడెంట్ అయిన బండికి ఇన్సూరెన్స్ డబ్బులు ఇవ్వక్కర్లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2021లో దొంగతనం కేసులో కూడా అదే మాట. మొదటి కేసులో గడువు దాటి నెల కూడా కాలేదు. పాతిక ముప్ఫై లక్షల బండి ఒక్క తేదీ మీద పోతుంది, దయచేసి చూసుకోండి.

పరిష్కారం: ఛాసిస్ షెడ్డులో ఉండిపోతే గడువు పెంచుకునే వీలు రూల్స్‌లోనే ఉంది, తేదీ దాటకముందే అప్లై చేయండి. దాటిపోయిందా, బండి షెడ్డులోనే ఉంచి ముందు కాగితం సరిచేయించండి. రాత్రిపూట ఎవరూ చూడరులే అని తీసుకురావద్దు.

టీఆర్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, అయినా కేసు రాశారా?

అయితే బండి వెనక ఏముందో చెప్పండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నా మొదటి లారీ బాడీ అయ్యాక బెజవాడ నుంచి తెస్తున్నాను. టీఆర్ ఇంకా పది రోజులుంది, ఇన్సూరెన్స్ ఉంది, హెవీ లైసెన్స్ ఉంది. ఒంగోలులో మా బావమరిది ఎక్కాడు, "బావా, ఎటూ ఖాళీగానే పోతున్నావు కదా, సింగరాయకొండలో అక్క వాళ్ళ సామాను ఉంది, వేసుకుపోదాం" అన్నాడు. ఒక మంచం, బీరువా, నాలుగు బియ్యం బస్తాలు, అంతే. బాడుగ కూడా కాదు. ఆపిన ఆఫీసరు కాగితాలన్నీ చూసి బాగున్నాయన్నాడు, వెనక తలుపు తీయించి పర్మిట్ అడిగాడు. నంబరే రాని బండికి పర్మిట్ ఎక్కడిది సార్ అన్నాను.

ఆయన చెప్పాకే నాకు తెలిసింది. లారీ లాంటి రవాణా బండి పర్మిట్ లేకుండా రోడ్డెక్కకూడదు. టీఆర్ మీద ఉన్న బండికి సెక్షన్ 66లో మినహాయింపు ఇచ్చారు, కానీ అది రెండు షరతుల మీద: బండి ఖాళీగా ఉండాలి, రిజిస్ట్రేషన్ కోసం వెళ్తూ ఉండాలి. వెనక ఒక్క బస్తా పడినా మొదటి షరతు పోయింది, బండి పర్మిట్ లేని బండి అయిపోయింది. సొంత సామానా, బాడుగ సామానా అనేది ఇక్కడ లెక్కలోకి రాదు. దానికి 192ఏ సెక్షన్‌లో రూ.10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. యాక్సిడెంట్ జరిగి అవతలి వాళ్ళకి దెబ్బలు తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకి కట్టి, ఆ సొమ్ము మన దగ్గర వసూలు చేసుకోవచ్చు.

రెండో షరతు తప్పేది ఎక్కువగా పూజ దగ్గర. కొత్త బండి అనగానే జొన్నవాడకో పెంచలకోనకో ముందు పోయి కొబ్బరికాయ కొట్టాలంటారు, ఇంటిల్లిపాదీ వెనక ఎక్కుతారు. దేవుడి దగ్గరికి వెళ్ళొద్దని నేను అనను, మా ఇంట్లోనూ పూజ చేయందే బండి కదలదు. కానీ ఆ పూజ షెడ్డులోనే చేయించి బయలుదేరండి, కోనకి నంబర్ వచ్చాక వెళ్ళండి. సరుకుల బండి వెనక మనుషుల్ని కూర్చోబెట్టడం అసలే ఇంకో కేసు.

పరిష్కారం: షెడ్డులో మిగిలిన చెక్కలు, ఇనుప ముక్కలతో సహా అన్నీ దించేయండి. జాకీ, స్టెప్నీ, పనిముట్లు బండివే కాబట్టి ఉంచండి. స్లాట్ బుక్ చేసిన కాగితం టీఆర్‌తో పాటు చేతికందేలా పెట్టుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో అదే చెప్తుంది. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకోవద్దు, చుట్టాలైనా సరే.

ఆఫీసు దాకా వెళ్ళాక వెనక్కి పంపితే

ఛాసిస్ నంబర్ చూడండి. షెడ్డు వాళ్ళు దాని మీద పెయింట్ కొట్టేస్తారు, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే నంబర్ ప్రింట్ రాదు. బయలుదేరే ముందు గీకి శుభ్రం చేసుకుని, ఆ పదిహేడు అక్షరాలూ సేల్ సర్టిఫికెట్, టీఆర్, ఇన్సూరెన్స్, షెడ్డు ఇచ్చిన 22ఏ ఫారం రెండో భాగం (బాడీ రూల్స్ ప్రకారం కట్టామని వాళ్ళిచ్చే సర్టిఫికెట్), ఈ నాలుగింటిలోనూ ఒక్కోటీ వేలు పెట్టి చదవండి. ఆ నంబర్లో ఇంగ్లిషు ఓ అక్షరం రాదు, కనిపిస్తే ఎవరో సున్నాని తప్పు రాసినట్టే. 22ఏ రెండో భాగం తీసుకోకుండానే షెడ్డు లెక్క సెటిల్ చేసేవాళ్ళూ ఉన్నారు, డబ్బులిచ్చాక వాళ్ళని పట్టుకోవడం కష్టం.

వెడల్పు 2.6 మీటర్లు దాటడం, వెనక రిఫ్లెక్టర్ టేపు లేకపోవడం తక్కువే, మంచి షెడ్డైతే రావు.

ఇక ఇంట్లో సొంతంగా కారో జీపో కట్టిన కుర్రాళ్ళు కూడా అడుగుతుంటారు. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో రూల్ 126 కింద టెస్టింగ్ ఏజెన్సీ అప్రూవల్ లేని బండికి టీఆర్ రాదు, టీఆర్ లేకుండా అది రోడ్డు మీద ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా ఇంకో లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళండి.