మోటారు పడవ ప్రయాణం, 9వ పాఠం: డింగీని ఎంచుకోవడం, వెంట మోసుకెళ్ళడం

గత పాఠంలో లంగరు వేయడం నేర్చుకున్నాం. లంగరు పట్టింది, ఇంజను ఆపేశారు, ఒడ్డు 300 మీటర్ల అవతల కనబడుతోంది. ఇక అక్కడికి చేర్చాల్సింది డింగీ, అంటే పెద్ద పడవ వెంట తీసుకెళ్ళే చిన్న పడవ. 10 నుంచి 14 మీటర్ల పొడవుండే పడవల్ని దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను. డింగీ విషయంలో అసలు ఇబ్బంది ఈ సైజులోనే. అంతకంటే చిన్న పడవైతే చుట్టి లోపల పెట్టుకునే గాలిపడవతో సరిపెట్టుకుంటారు. బాగా పెద్దదైతే క్రేను, దానికి తగ్గ చోటు ముందే ఉంటాయి.

చాలామంది ముందు డింగీ కొనేస్తారు, తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని తల పట్టుకుంటారు. మనం ఆ వరస తిరగేద్దాం. ముందు చోటు, తర్వాత బరువు, ఆపైన మోటారు, అన్నిటికంటే చివర డింగీ.

చోటు

టేపు తీసుకుని పడవ వెనక్కి వెళ్ళండి. ఈ సైజులో ఎక్కువమంది డింగీని పెట్టేది స్విమ్ ప్లాట్‌ఫారం (పడవ వెనక నీటికి దగ్గరగా ఉండే అరుగు) మీదే, అడ్డంగా. కాబట్టి మొదటి కొలత పడవ వెడల్పు. 12 మీటర్ల పడవ వెడల్పు సుమారు 4 మీటర్లు ఉంటుందనుకుంటే, డింగీ పొడవు 3.4 మీటర్లు దాటకుండా చూసుకోండి. రెండు పక్కలా ఒక్కో జానెడు చోటు మిగలాలి. లేకపోతే రేవులో కట్టేటప్పుడు గోడకి ముందు తగిలేది డింగీ ముక్కే.

ప్లాట్‌ఫారం మీద పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, దిమ్మల మీద బోర్లా కాకుండా మామూలుగా కూర్చోబెట్టడం. రెండోది, డింగీ ఒక పక్కనున్న గాలి ట్యూబుకి కొక్కేలు అతికించి, ప్లాట్‌ఫారం అంచునున్న క్లిప్పులకి తగిలించి, రెండో పక్కని పైకెత్తి నిలబెట్టడం. ఈ రెండోది చవక, తేలిక, మనుషుల బలంతోనే పనైపోతుంది. కానీ పక్కకి నిలబెట్టేముందు మోటారు విప్పి తియ్యాలి. రోజుకి రెండుసార్లు ఒడ్డుకి వెళ్ళొచ్చేవాళ్ళకి వారం తిరిగేసరికి ఈ విప్పడం, బిగించడంతో విసుగొస్తుంది. మూడు రోజులకోసారి దింపేవాళ్ళకైతే నేను ఇదే సిఫారసు చేస్తాను.

నిలబెట్టిన డింగీ వెనక వైపుకి గోడ కట్టినట్టవుతుంది. దాంతో మూడు చిక్కులొస్తాయి. వెనక్కి నడిపేటప్పుడు చూపు ఆనదు. వెనక దీపం మరుగున పడుతుంది. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ దీపం వెనక వైపు 135 డిగ్రీల మేర కనబడాలి, డింగీ అడ్డొస్తే దీపాన్ని వేరేచోటికి మార్చక తప్పదు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. ఇంజను పొగ గొట్టాలు వెనకే ఉంటే, డింగీ ఆ పొగని బయటికి పోనివ్వకుండా మనుషులు కూర్చునే చోటికి తిప్పి కొట్టొచ్చు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. అలారం పెట్టించుకోండి, డింగీ పెట్టాక ఇంజను నడిపి మరీ దాన్ని పరీక్షించండి.

ప్లాట్‌ఫారం ఎంత బరువు మోస్తుందో తయారీదారునే అడగండి. చూపులకి గట్టిగా ఉందని నమ్మడానికి లేదు. పైనుంచి పడే బరువొక్కటే కాదు, వెనక నుంచి తరుముకొచ్చే అల కిందనుంచి డింగీ అడుగున కొట్టి పైకి లేపుతుంది. ఆ దెబ్బ పడేది బోల్టుల మీదే. కట్టే పట్టీలు కూడా అందుకే నాలుగు మూలల నుంచీ కిందికీ పక్కలకీ లాగేలా ఉండాలి. చేత్తో ఊపి చూస్తే డింగీ కదిలితే పడవ కదిలిపోవాలి, అంతేగానీ డింగీ విడిగా ఊగకూడదు.

డేవిట్లు, అంటే పడవ వెనక బిగించే ఎత్తుడు చేతులు, డింగీని నీటికి పైన వేలాడదీస్తాయి. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంటుంది, దింపడం నిమిషాల పని. అయితే పడవ పొడవు పెరిగినట్టే లెక్క. ఉన్న బరువంతా వెనక చివరికి పోవడంతో ముక్కు లేస్తుంది, వేగం అందుకోవడానికి ఇంజను ఎక్కువ శ్రమ పడుతుంది.

పైకప్పు మీద పెడితే వెనకంతా తెరిపిగా ఉంటుంది. కాకపోతే వంద కిలోలు నీటికి మూడు మీటర్ల ఎత్తున కూర్చుంటాయి, పడవ పక్కలకి ఒరిగే తీరు మారిపోతుంది. దింపేటప్పుడు ఇంకా కష్టం. తాడుకి వేలాడుతున్న డింగీ ప్రతి ఊపుకీ వచ్చి పడవనే గుద్దుతుంది. ముక్కుకొక తాడు, వెనకొక తాడు కట్టి ఇద్దరు మనుషులు పట్టుకోకుండా క్రేను మీట నొక్కొద్దు.

ముందు డెక్కు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. గాలి తీసి చుట్టిన డింగీకైతే సరే, గాలి నింపినదైతే చూపుకీ లంగరుకీ అడ్డం.

వెనక కట్టి లాక్కెళ్ళడం ప్రశాంతమైన నీళ్ళలో, కొద్ది దూరానికే. అప్పుడు కూడా మోటారు విప్పండి, లోపలి వదులు సామాను తీసెయ్యండి. తాడు నీటిలో తేలే రకం కావాలి, డింగీ ముక్కు దగ్గర రెండు కొక్కేలకీ పంచి కట్టాలి. పడవ వెనక లేచే అలల మీద డింగీ దిగువకి జారుతూ మీదికొస్తుంటే తాడు పొడవు మార్చండి. తాడు ఒక్కోసారి వదులై, ఒక్కోసారి చటుక్కున బిగుసుకుంటోందంటే పొడవు కుదరలేదన్నమాట. ఎప్పుడూ ఒకేలా బిగువుగా ఉందంటే కుదిరింది. రేవులోకి వెళ్ళేముందు, వెనక గేరు వేసేముందు తాడు దగ్గరికి లాగేసుకోవాలి. లాక్కెళ్ళే తాడు సొంత ప్రొపెల్లరుకే చుట్టుకోవడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ముందు ఎదురయ్యే ప్రమాదం.

బరువు

కేటలాగులో రాసేది ఖాళీ డింగీ బరువు. మీరు ఎత్తేది అది కాదు. ఒక లెక్క వేద్దాం.

అల్యూమినియం అడుగున్న 3.1 మీటర్ల రిబ్ (గట్టి అడుగు, చుట్టూ గాలి ట్యూబులు ఉండే డింగీ) 50 కిలోలు. 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు 27. పన్నెండు లీటర్ల పెట్రోలు సుమారు 9 కిలోలు, ట్యాంకుతో కలిపి 11. తెడ్లు, పంపు, చిన్న లంగరు, తాడు, లైఫ్ జాకెట్లు కలిపి 12. మొత్తం 100 కిలోలు. కేటలాగు చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు.

వానొస్తే ఈ లెక్క నిజంగానే తడిసి మోపెడవుతుంది. డింగీ లోపలి అడుగు 2 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. 10 సెంటీమీటర్ల లోతు నీళ్ళు నిలిస్తే 140 లీటర్లు, అంటే 140 కిలోలు. వంద కిలోలు మోస్తున్న డేవిట్ మీద రాత్రికి రాత్రే 240 పడతాయి. అందుకని పైకెత్తిన వెంటనే డ్రెయిన్ ప్లగ్గు (నీళ్ళు పోయే రంధ్రానికి పెట్టే బిరడా) తీసెయ్యాలి, ఆ రంధ్రం వైపుకి కాస్త వాలుగా వేలాడదీయాలి. ప్లగ్గుని దారంతో మోటారు హ్యాండిలుకి కట్టెయ్యండి. దింపేముందు చేతికి తగిలి గుర్తు చేస్తుంది.

డేవిట్ మీద రాసిన సామర్థ్యంలో మూడింట రెండొంతులకి మించి వాడొద్దన్నది నా లెక్క. పడవ ఊగినప్పుడు పడే కుదుపులు ఆ మిగతా వంతుని తినేస్తాయి.

మోటారు

ఒడ్డు దగ్గరే లంగరు వేసేవాళ్ళకి 2.5 హార్స్‌పవర్ చాలు. 13 నుంచి 18 కిలోల మధ్య ఉంటుంది, ఒక్కరే ఎత్తి అందించొచ్చు. నిదానంగా వెళ్తుంది, అంతే. డింగీ నీటి మీదికి లేచి దూసుకుపోవాలంటే 3 మీటర్ల రిబ్‌లో ఇద్దరికి సుమారు 8 నుంచి 10 హార్స్‌పవర్ కావాలి, నలుగురికి 15. ఆ మోటార్లు 40 కిలోలు, ఆపైన. వాటిని ఊగే పడవలో చేత్తో ఎత్తడం మాట మర్చిపోండి. ఇద్దరే ప్రయాణించే పడవలో 15 హార్స్‌పవర్ కొనడం నాకైతే దండగగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. పెద్ద పడవ డీజిలుది, డింగీ మోటారు పెట్రోలుది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుక్కి దిగి అక్కడే కాచుక్కూర్చుంటుంది. డబ్బాని లోపలి అరల్లో పెట్టకూడదు. బయట, గాలాడే చోటే ఉండాలి. ఈ బెడద వద్దనుకునేవాళ్ళు 1 కిలోవాట్ ఎలక్ట్రిక్ మోటారు చూడొచ్చు. సుమారు 3 హార్స్‌పవర్‌ది చేసే పని చేస్తుంది, బ్యాటరీ విడిగా ఊడొస్తుంది కాబట్టి మోయడమూ తేలిక. పడవలో దాన్ని చార్జి చేసే ఏర్పాటు ముందు ఉండాలి.

ఇప్పుడు డింగీ

ఇంతదాకా వచ్చేసరికి ఎంపిక చాలావరకు అయిపోయినట్టే. ఫైబర్ డింగీ తెడ్డు వేస్తే చక్కగా సాగుతుంది, రాళ్ళని లెక్కచెయ్యదు. కానీ అంచు మీద కాలు పెడితే ఒరుగుతుంది, పెద్ద పడవకి గీతలు పెడుతుంది. గాలితో నింపే అడుగున్న రకం తేలిక, చుట్టెయ్యొచ్చు. దాని అడుగులో గాలి ఒత్తిడి సుమారు 0.7 బార్ ఉండాలి, ట్యూబుల్లో 0.25 బార్ చాలు. గాలి తక్కువైతే అడుగు పరుపులా కుంగుతుంది. తెడ్డు వేస్తే మాత్రం గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. రిబ్ ఈ రెంటికీ నడిమి మార్గం. మధ్య సైజు పడవకి అల్యూమినియం అడుగున్న రిబ్‌కే నా ఓటు, ఫైబర్ అడుగుకంటే తేలిక గనక.

ట్యూబు పీవీసీ ప్లాస్టిక్‌దా, హైపలాన్ అనే రబ్బరుదా అన్నది ఎండని బట్టి. ఏడాది పొడవునా ఎండలో పడుంటే పీవీసీ జిగటబారి, అతుకులు ఊడతాయి. హైపలాన్ ఖరీదు ఎక్కువ, ఎండకి ఓర్చుకుంటుంది. పీవీసీ కొన్నవాళ్ళు గుడ్డ తొడుగు కూడా కొనాలి.

డింగీ మీద బిగించిన పలకలో మనుషుల సంఖ్య, కిలోల బరువు రెండూ ఉంటాయి. రెండిట్లో ఏది ముందు నిండితే అక్కడే ఆపాలి. నడిపేవాళ్ళు కిల్ కార్డుని (ఊడొస్తే మోటారు ఆగిపోయే తాడు) ఒంటికి తగిలించుకోవాలి. మోటారు ఉన్నా తెడ్లు ఉండాల్సిందే. రాత్రి వెళ్తే, 7 మీటర్లకి లోపు పొడవు, 7 నాట్లకి మించని వేగం ఉన్న మోటారు పడవకి చుట్టూ కనబడే ఒక్క తెల్లదీపం చాలునని, వీలైతే పక్కదీపాలు కూడా ఉండాలని నిబంధనలు చెప్తాయి. అంతకంటే వేగంగా వెళ్ళగల మోటారు బిగిస్తే పక్కదీపాలు తప్పనిసరి.

ఈ వారం చెయ్యాల్సిన పని

ప్లాట్‌ఫారం వెడల్పు, లోతు కొలవండి. దాని సామర్థ్యం తెలుసుకుని రాసుకోండి. పైన వేసిన లెక్కని మీ సామానుతో మళ్ళీ వెయ్యండి, కేటలాగుని నమ్మకుండా మోటారునీ నిండు ట్యాంకునీ తూకం వేసి చూడండి. డింగీ ఇప్పటికే ఉన్నవాళ్ళు రేవులో కట్టి ఉన్నప్పుడే దాన్ని దింపి, మోటారు బిగించి, మళ్ళీ ఎత్తి కట్టండి. గడియారం చూసుకోండి. అరగంట దాటితే లంగరు వేసిన చోట మీరు దాన్ని దింపరు, బద్ధకిస్తారు. అలాంటప్పుడు మార్చాల్సింది డింగీనా, మోసే పద్ధతినా అన్నది మీ అంకెలే చెప్తాయి. వాటిని దగ్గర పెట్టుకోండి, 10వ పాఠంలో అలలున్న ఒడ్డుకి డింగీని చేర్చడం నేర్చుకునేటప్పుడు అవే కావాలి.