తాగుడుకు బానిసై దూరమైన కొడుకుతో మాట్లాడే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరాకో, సమ్మక్క జాతరకో ఇంటికి వస్తానని కొడుకు చాలాకాలం తర్వాత ఫోన్ చేసినప్పుడు, ఆ సంతోషంలో అన్నింటికీ సరేననక ముందే, తల్లిదండ్రులిద్దరూ కూర్చుని తాము ఏమి చేయగలరో, ఏమి చేయలేరో ఒక కాగితంపై రాసుకోవాలి. తండ్రి కాదన్న డబ్బును తల్లి పోపుల డబ్బాలోంచి తీసి ఇస్తే ఆ హద్దు అక్కడే చెరిగిపోతుంది. మేనమామకు కూడా ముందే చెప్పి ఉంచాలి.

చేతికి నగదు ఇవ్వవద్దు. ఆకలితో వస్తే అన్నం పెట్టండి, మందుల బిల్లు మీరే కట్టండి.

తాగి ఉన్నప్పుడు ఈ హద్దుల మాట ఎత్తవద్దు. తెలివిగా ఉన్న పూట, పాత తప్పుల చిట్టా విప్పకుండా, "నువ్వు మాకు కావాలె బిడ్డా. తాగొచ్చిన రోజు మాత్రం ఇంట్లకు రానియ్యం. దవాఖానకు పోదామంటే ఎప్పుడైనా నీ ఎంబడి వస్తం" అని చెప్పండి. అమలు చేయలేని బెదిరింపు నోట రానివ్వవద్దు.

అన్నింటికన్నా ముఖ్యంగా, "ఈరోజే మానెయ్" అని షరతు పెట్టకండి. రోజూ ఎక్కువగా తాగేవారు గాని, అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు గాని ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకుతో మొదలై ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. మద్యం విషయంలో ఇది తరచుగా 2, 3 రోజుల్లోనే ముదురుతుంది. అందుకే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ముందుగానే విచారించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 లో తెలుగులోనే సలహా అడగవచ్చు.

అతడు చెయ్యెత్తితే వాదించకుండా బయటికి వచ్చి 112 కు, ఫిట్స్ వస్తే 108 కు ఫోన్ చేయండి.