ఒంటికి సెన్సార్, ఆటలో ఫిజిక్స్ – 4వ పాఠం: గాల్లో సున్నా ఎందుకు?

పోయిన పాఠం చదివి ఫోను నడుముకు కట్టుకుని ఎగిరినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: "సార్, నిలబడితే 9.8 చూపిస్తోంది, గాల్లో ఉంటే సున్నా. సెన్సార్ పాడైందా?" పాడవలేదు. కబడ్డీ వచ్చే వారం చూద్దాం, ముందు ఇది తేలాలి.

ఫోనులో ఈ రీడింగ్ ఇచ్చే సెన్సార్ పేరు యాక్సిలరోమీటర్. దాని లోపల సన్నటి స్ప్రింగులకు వేలాడే చిన్న ముక్క ఉంటుంది. స్ప్రింగు ఎంత సాగితే అంత రీడింగ్. నిలబడితే నేల మిమ్మల్ని మోస్తుంది, స్ప్రింగు ఆ ముక్కను మోస్తుంది, అదే 9.8. గాల్లో మోసేది ఎవరూ లేరు, స్ప్రింగు సాగదు, అందుకే సున్నా. ఇదే కళ్లారా చూడాలంటే నీళ్ల బాటిల్ అడుగున బొక్క పెట్టి మేడ మీద నుంచి వదలండి, చేతిలో ఉన్నంతసేపు కారిన నీళ్లు పడేటప్పుడు ఆగిపోతాయి.

"పైకి చేరాక వేగం సున్నా, కాబట్టి త్వరణం సున్నా, అందుకే సెన్సార్ సున్నా" అని రాస్తున్నారు చూడండి, అది నాకు నిజంగా చిరాకు. వేగం సున్నా అయ్యేది ఒక్క క్షణమే. త్వరణం అప్పుడు కూడా కిందికి 9.8, లేకపోతే అక్కడే ఉండిపోతాం, కిందికి రాం. గ్రాఫు మళ్లీ తెరవండి. కాలు నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ తాకేదాకా, పైకి పోతున్నప్పుడు కూడా, రీడింగ్ సున్నా దగ్గరే ఉంటుంది. ఒళ్లు కాస్త తిరుగుతుంది కాబట్టి గీత కొంచెం వణుకుతుంది, అంతే. ఫోను సెన్సార్ల రీడింగులు చూపించే ఫైఫాక్స్ యాప్‌లో 'విత్ జి' (గురుత్వాన్ని తీసేయకుండా చూపించేది) అన్నదే వాడండి.

ఆ సున్నా ఎంతసేపు ఉందో దాన్ని బట్టే మీరు ఎగిరిన ఎత్తు: 9.8ని సెకన్ల వర్గంతో గుణించి 8తో భాగించాలి, మీటర్లలో వస్తుంది. 0.5 సెకను అయితే సుమారు 31 సెంటీమీటర్లు.

మా యూనివర్సిటీ గ్రౌండులో వాలీబాల్ ఆడే ఒక అమ్మాయికి ఒక్క రోజులో 31 కాస్తా 38 అయింది. నేను గ్రాఫు వదిలేసి మోకాళ్లు చూశాను. మడిచి దిగుతోంది, పాదం 0.06 సెకను ఆలస్యంగా నేలను తాకుతోంది. కాళ్లు చాచి దిగమన్నాను, మళ్లీ 31. చేతి వాచీ నేను వాడను, చెయ్యి ఊపు మొత్తం అందులోకి వచ్చేస్తుంది. వీపు కింది భాగంలో క్రేప్ బ్యాండేజీతో బిగించి కట్టిన ఫోనే మేలు, జేబులో వద్దు.

అభ్యాసం: 20 సార్లు ఎగరండి, మోకాళ్లు మడిచి 10, చాచి 10, రెండు సరాసరులూ రాయండి. తిరుపతి వాళ్లు అదనంగా అలిపిరి మొదటి 50 మెట్లు ఎక్కి దిగి, ఏ గ్రాఫులో శిఖరాలు పెద్దవో, ఎందుకో రాసి పంపండి.