ఆన్‌లైన్ కోర్సులో మొదటి అకడమిక్ ఎస్సే: ఏ మాట ఎవరిదో తేల్చి రాయడం

‘వాన పడింది’, ‘వాన పడిందట’, ‘వాన పడినట్టుంది’. ఈ మూడింటికీ తేడా తెలుగువాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. మొదటిది కళ్లారా చూసింది, రెండోది ఒకరు చెప్పగా విన్నది, మూడోది తడిసిన నేల చూసి ఊహించింది. అకడమిక్ రైటింగ్ అడిగేది సరిగ్గా ఈ తేడానే. ఎస్సేలో ప్రతి వాక్యం ఈ మూడింటిలో ఏ రకమో చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోవాలి. ఎస్సే రాసేది ఇంగ్లిష్‌లో. అక్కడ క్రియ చివర ‘ట’ చేర్చే వీల్లేదు కాబట్టి ఆ పని సైటేషన్, అంటే ఆ మాట ఎవరిదో ఎక్కడిదో చెప్పే గుర్తు, చేస్తుంది. ‘నట్టుంది’ చేసే పనిని ‘మే’, ‘సజెస్ట్స్’, ‘అపియర్స్ టు’ లాంటి మాటలు చేస్తాయి. మొదటి ఏడాది ఎస్సేలు దెబ్బతినేది గ్రామర్ దగ్గరకంటే ఈ మూడూ కలగాపులగమైన చోటే ఎక్కువ.

అసైన్‌మెంట్ షీట్, రూబ్రిక్

ఆన్‌లైన్ కోర్సులో క్లాసయ్యాక ఆగి సందేహం అడిగే వీలుండదు. ఇన్‌స్ట్రక్టర్ చెప్పదలచుకున్నదంతా అసైన్‌మెంట్ షీట్‌లోనూ రూబ్రిక్‌లోనూ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) ఉంటుంది. షీట్ చదివేటప్పుడు ముందు క్రియాపదం వెతకండి. ‘సమ్మరైజ్’ అంటే ఇతరులు చెప్పింది కుదించి చెప్పడం, అక్కడ మీ అభిప్రాయం వద్దు. ‘అనలైజ్’ అంటే విషయాన్ని భాగాలుగా విప్పి, అవి ఎలా పనిచేస్తున్నాయో చూపించడం. ‘ఎవాల్యుయేట్’ అంటే ఏదో ఒక కొలబద్ద పెట్టి తూచడం, ఆ కొలబద్ద ఏమిటో ఎస్సేలోనే చెప్పాలి. అనలైజ్ చేయమంటే సమ్మరీ రాసి పంపడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఎంత అందంగా రాసినా ఆ సమ్మరీకి మంచి మార్కులు రావడం కష్టం, ఎందుకంటే అడిగిన పని జరగలేదు.

తర్వాత రూబ్రిక్‌లో మార్కుల పంపకం చూడండి. ఆధారాలకూ వాటి వివరణకూ 40, సైటేషన్‌కు 10 ఉంటే మీ సమయం కూడా ఆ లెక్కనే పోవాలి. రెండు గంటలు కామాలు సరిదిద్దుకుంటూ కూర్చుని, వివరణకు పావుగంట మిగుల్చుకుంటే లాభం లేదు. పదాల పరిమితిలో రిఫరెన్సుల పేజీ కలుస్తుందా, రాత్రి 11:59 డెడ్‌లైన్ ఏ టైమ్ జోన్‌లో, ఫైల్ డాక్స్‌లోనా పీడీఎఫ్‌లోనా అనేవి మొదటి రోజే తేల్చుకోండి. ఇన్‌స్ట్రక్టర్‌కు మెయిల్ రాస్తే సబ్జెక్టులో కోర్సు కోడ్, అసైన్‌మెంట్ పేరు పెట్టండి. ‘ఏం రాయాలో అర్థం కాలేదు’ అనకుండా ‘నేను ఇలా అర్థం చేసుకున్నాను, సరేనా?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

టాపిక్ నుంచి థీసిస్‌కు

‘క్లాసులో ల్యాప్‌టాప్‌లు’ అన్నది టాపిక్. ‘ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకుంటే నేర్చుకోవడం తగ్గుతుందా?’ అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబు, దాని కారణంతో సహా ఒకటి రెండు వాక్యాల్లో చెబితే అది థీసిస్. దాన్ని పరీక్షించడం తేలిక: తెలివైన మనిషి ఎవరైనా ‘నేను ఒప్పుకోను’ అనగలరా? ‘టెక్నాలజీకి లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అంటే కాదనేవాళ్లు ఉండరు, కాబట్టి అది థీసిస్ కాదు. ‘నోట్సు తీరుకూ మార్కులకూ సంబంధం ఇంకా గట్టిగా తేలలేదు కాబట్టి, ఆ ఒక్క కారణంతో ల్యాప్‌టాప్‌లను నిషేధించడం సరికాదు’ అంటే వాదించడానికి చోటుంది. సోర్సులు చదివేకొద్దీ థీసిస్ మారుతుంది, మారనివ్వండి. మొదటి రోజు రాసుకున్న వాక్యం చివరిదాకా చెక్కుచెదరకుండా ఉందంటే, చదివింది మీ ఆలోచనను తాకలేదేమోనని అనుమానించాలి.

సోర్సులు వెతకడం

కాలేజీ లైబ్రరీ డేటాబేసులు, గూగుల్ స్కాలర్ చాలు. లైబ్రరీ సెర్చ్‌లో ‘పీర్ రివ్యూడ్’ (అదే రంగంలోని నిపుణులు పరిశీలించాక ప్రచురించినవి) ఫిల్టర్ పెట్టండి. పేపర్ దొరకగానే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవద్దు. అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), చివర్లోని డిస్కషన్ చదివితే మీకు పనికొస్తుందో లేదో పది నిమిషాల్లో తేలుతుంది. పనికొస్తుందనిపిస్తే అప్పుడు పూర్తిగా చదవండి. అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదివి పేపర్‌ను సైట్ చేస్తే, అంటే ఆధారంగా చూపిస్తే, దొరికిపోవచ్చు.

గూగుల్ స్కాలర్‌లో ఇతరులు సైట్ చేసిన పేపర్ కింద ‘సైటెడ్ బై’ అనే లింకు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పేపర్‌ను సైట్ చేసిన తర్వాతి పేపర్లు కనిపిస్తాయి. కొత్తవాళ్లు దాన్ని నొక్కనే నొక్కరు. నోట్సు విషయమే తీసుకోండి. 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఒప్పెన్‌హైమర్ సైకలాజికల్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో ల్యాప్‌టాప్ వాడిన విద్యార్థులు లెక్చర్‌ను మాటకు మాట దించుకున్నారని, విషయాన్ని అర్థం చేసుకుని చెప్పాల్సిన ప్రశ్నల్లో చేత్తో రాసుకున్నవాళ్లకంటే వెనకబడ్డారని తేలింది. చాలా ఎస్సేలు అక్కడితో ఆగిపోతాయి. ‘సైటెడ్ బై’ నొక్కితే అదే పత్రికలో 2021లో హెదర్ అర్రీ బృందం ఆ మొదటి ప్రయోగాన్నే తిరిగి చేసిన పేపర్ కనిపిస్తుంది. అక్కడ కూడా ల్యాప్‌టాప్ వాడినవాళ్లు మాటకు మాట దించుకున్నారు, కానీ క్విజ్ మార్కుల్లో తేడా రాలేదు. ఒక్క లింకు నొక్కినందుకు ఎస్సే మొత్తం మలుపు తిరిగింది.

నోట్సు, పారాఫ్రేజ్

తెలియకుండా జరిగే ప్లేజరిజం (ఇతరుల మాటలను మనవిగా చూపడం) నోట్సులోనే పుడుతుంది. పేపర్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి కొటేషన్ గుర్తులు లేకుండా ఫైల్‌లో పెట్టుకుంటే, నాలుగు రోజుల తర్వాత అది మీ వాక్యంలాగే కనిపిస్తుంది. మూడు గడులు పెట్టుకోండి. మొదటి గడిలో సోర్సు మాటలు, కొటేషన్ గుర్తులతో, పేజీ నంబరుతో. రెండో గడిలో అదే విషయం మీ మాటల్లో. మూడో గడిలో దాని గురించి మీకు కలిగిన ఆలోచన. ఆ మూడో గడి తెలుగులో రాసుకున్నా ఇబ్బంది లేదు, ఆలోచన వేగంగా వస్తుంది. ఎస్సే వాక్యాలను మాత్రం తెలుగులో రాసి ఒక్కొక్కటే ఇంగ్లిష్‌లోకి మార్చకండి. వాక్యాలు చాంతాడంత అవుతాయి, కర్త ఎవరో తప్పిపోతుంది.

పారాఫ్రేజ్‌లో, అంటే సోర్సు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పడంలో, ఏది తప్పో దగ్గరగా చూద్దాం. సోర్సులో ఇలా ఉందనుకోండి:

‘ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకునే విద్యార్థులు లెక్చరర్ మాటలను యథాతథంగా ఎక్కించుకుంటారు, అందువల్ల విషయాన్ని తమ మాటల్లోకి మార్చుకునే అవకాశం తగ్గుతుంది.’

దీన్ని చాలామంది ఇలా మారుస్తారు: ‘కంప్యూటర్‌లో నోట్సు తీసుకునే స్టూడెంట్లు టీచర్ మాటలను ఉన్నదున్నట్టు దించుకుంటారు; దానివల్ల పాఠాన్ని సొంత మాటల్లోకి తెచ్చుకునే వీలు తగ్గుతుంది.’ మాటలు చాలావరకు మారాయి, ఎముకల గూడు మాత్రం అదే. చివర సైటేషన్ పెట్టినా ఇది తప్పే.

ఇలా రాస్తే సరిపోతుంది: ‘సొంత మాటల్లో రాసుకోవాలంటే విన్నదాన్ని మనసులో ఒకసారి మార్చుకోక తప్పదు. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు మాటకు మాట దించుకోవడంతో ఆ పని చాలావరకు జరగదని రచయిత అభిప్రాయం.’ ఇక్కడ వాక్యం ఫలితం నుంచి మొదలై కారణానికి వెళ్లింది, ‘రచయిత అభిప్రాయం’ అన్నది మన ‘ట’ పని చేసింది. పేపర్ తెరిచి పెట్టుకుని మాటలు మార్చే ప్రయత్నం చేస్తే ఇది రాదు. పేపర్ మూసేయండి, పక్కన ఎవరైనా ఉన్నట్టు పైకి చెప్పండి, చెప్పింది రాయండి. తర్వాత పేపర్ తెరిచి అర్థం మారిందేమో, వరసగా నాలుగైదు మాటలు అవే పడ్డాయేమో చూసుకోండి.

పేరా

1200 పదాల ఎస్సే అంటే 12 పాయింట్ల అక్షరం, డబుల్ స్పేసింగ్‌లో సుమారు నాలుగున్నర పేజీలు. ఇంట్రో 120, ముగింపు 120, మధ్యలో 240 చొప్పున నాలుగు పేరాలు అనుకుంటే లెక్క సరిపోతుంది. పేరాలో వాదన, ఆధారం, వివరణ ఉండాలని ప్రతి కోర్సూ చెబుతుంది. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోదే ఎగిరిపోతుంది. ఇలాంటి పేరా చూడండి:

‘నోట్సులో లెక్చరర్ మాటలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన నేర్చుకోవడం తగ్గిందని చెప్పలేం. ముల్లర్, ఒప్పెన్‌హైమర్ (2014) ప్రయోగాల్లో ల్యాప్‌టాప్ వాడినవాళ్లు వెనకబడినా, మొదటి ప్రయోగాన్ని తిరిగి చేసిన అర్రీ బృందానికి (2021) క్విజ్ మార్కుల్లో తేడా కనిపించలేదు. నోట్సు తీరు మారినా మార్కులు మారలేదంటే, ఆ రెండింటికీ నేరుగా ముడిపెట్టడం తొందరపాటు కావచ్చు. అయితే ఆ క్విజ్ లెక్చర్ అయిన కాసేపటికే పెట్టారు. వారాల తర్వాత నోట్సు తిరగేసి రాసే పరీక్షకు కూడా ఇదే వర్తిస్తుందని దీన్నిబట్టి అనలేం.’

మొదటి వాక్యం వాదన, రెండోది ‘ట’, మూడోది ‘నట్టుంది’. చివరి రెండు వాక్యాలూ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో గీత గీశాయి. ఆధారం ఒక వాక్యం, దాని మీద ఆలోచన మూడు వాక్యాలు. ఈ నిష్పత్తి గుర్తుంచుకోండి. పేరా సైటేషన్‌తో ముగిసిందంటే వివరణ లేదని అర్థం. అక్కడ ఆగి ‘అయితే ఏంటి?’ అని అడిగి, జవాబును తర్వాతి వాక్యంగా రాయండి.

‘ప్రూవ్స్’ అనే మాట దాదాపు ఎప్పుడూ వద్దు. ఒక్క ప్రయోగం దేన్నీ నిరూపించదు. ‘ఫౌండ్’ అంటే కొలిచి చూశారని, ‘ఆర్గ్యూస్’ అంటే వాదించారని, ‘సజెస్ట్స్’ అంటే ఆ వైపు మొగ్గు ఉందని. వీటిని ఒకదాని బదులు ఒకటి వాడితే సోర్సు చెప్పనిది చెప్పినట్టవుతుంది.

కొటేషన్లు తక్కువ వాడండి, ఆ మాటల తీరే ముఖ్యమైనప్పుడు మాత్రమే. పొడవైన కొటేషన్‌ను విడిగా లోపలికి జరిపి, కొటేషన్ గుర్తులు లేకుండా పెడతారు: సైటేషన్ పద్ధతుల్లో (స్టైల్) ఒకటైన ఏపీఏలో 40 పదాలు దాటినా, సరిగ్గా 40 ఉన్నా, మరొకటైన ఎమ్ఎల్ఏలో వచనం నాలుగు లైన్లు మించితే.

సైటేషన్

కోర్సు ఏ స్టైల్ అడిగితే అదే, రెండూ కలపకూడదు. ఏపీఏ రచయిత పేరుతో సంవత్సరం అడుగుతుంది, ఎందుకంటే పరిశోధన ఎంత కొత్తదన్నది అక్కడ ముఖ్యం. ఎమ్ఎల్ఏ రచయిత పేరుతో పేజీ నంబరు అడుగుతుంది, ఎందుకంటే సాహిత్యంలో ఆ వాక్యం ఎక్కడుందో వెళ్లి చూడాలి. ఏపీఏలో నేరుగా మాటలు తీసుకుంటే పేజీ నంబరు కూడా కావాలి. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రకారం రచయితలు ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువైతే సాధారణంగా మొదటిసారి నుంచే మొదటి పేరు రాసి ‘ఎట్ ఆల్’ (‘మిగతావాళ్లు’ అని అర్థం) పెట్టాలి. పాత గైడ్లలో వేరేగా ఉంటుంది, తికమక పడకండి. జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, రిఫరెన్సులు అదే తయారు చేస్తుంది. కానీ పేపర్ పేరులో ఏ అక్షరం పెద్దది, ఏది చిన్నది అన్న చోట తరచూ తప్పుతుంది, కాబట్టి ఒక్కొక్కటీ కళ్లతో చూడాలి.

ఏఐ టూల్ వాడొచ్చా లేదా అన్నది కోర్సు సిలబస్‌లో ఉంటుంది, అదే చివరి మాట. అనుమతి ఉన్నా అది ఇచ్చిన రిఫరెన్సును అలాగే పెట్టకండి. ఈ టూల్స్ లేని పేపర్లకు కూడా నమ్మదగిన పేర్లు, సంవత్సరాలు అల్లి ఇస్తాయి. డీఓఐ నంబరు (ఒక్కో పేపర్‌కు ఉండే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) తెరిచి, ఆ పేపరే వచ్చిందో లేదో చూసి, చదివాకే సైట్ చేయండి.

తిరగరాయడం, పంపడం

డ్రాఫ్ట్ పూర్తయ్యాక కనీసం ఒక రాత్రి పక్కన పెట్టండి. తర్వాత తెల్లకాగితం మీద ఒక్కో పేరాకు ఒక్కో వాక్యంలో అది ఏం చెబుతోందో రాయండి. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే వాటిని కలపాలి. ఒక పేరాకు రెండు వాక్యాలు కావాల్సి వస్తే విడగొట్టాలి. వాక్యానికి థీసిస్‌తో సంబంధం కనిపించకపోతే, ఎంత కష్టపడి రాసినా ఆ పేరా తీసేయాలి. ఇంట్రో ఈ దశలో తిరగరాయండి, ఏం చెప్పారో ఇప్పుడు మీకు తెలుసు. ముగింపులో కొత్త సోర్సు తేవద్దు. ఇక మూడు రంగులతో వాక్యాలకు గుర్తు పెట్టండి: మీ వాదనకు ఒకటి, సోర్సు చెప్పినదానికి ఒకటి, మీ ఊహకు ఒకటి. పేజీ అంతా సోర్సు రంగే కనిపిస్తే ఎస్సేలో మీరు లేరన్నమాట.

చివర్లో కంప్యూటర్ చేత పైకి చదివించుకుని వినండి, కంటికి కనపడని తప్పులు చెవికి దొరుకుతాయి. సిమిలారిటీ రిపోర్ట్ (మీ ఎస్సేలో ఇతర చోట్ల ఉన్న మాటలతో కలిసినవెన్నో చూపేది) వస్తే శాతం చూసి కంగారు పడకండి. రిఫరెన్సులు, సరిగ్గా గుర్తులు పెట్టిన కొటేషన్లు కూడా అందులో కలిసి ఉండొచ్చు. రంగు పడిన ప్రతి చోటా గుర్తులు, సైటేషన్ ఉన్నాయా అని చూడండి. శాతం తక్కువున్నా గుర్తుల్లేని ఒక్క వాక్యం సమస్యే.

డెడ్‌లైన్‌కు కనీసం రెండు గంటల ముందే అప్‌లోడ్ చేయండి. అప్‌లోడ్ అయ్యాక ఆ ఫైల్‌ను కోర్సు సైట్‌లోంచే తెరవండి. పాత డ్రాఫ్ట్ ఎక్కిందేమో, మార్జిన్లు చెదిరాయేమో, మీకు మీరు రాసుకున్న కామెంట్లు అలాగే ఉన్నాయేమో అప్పుడే తెలుస్తుంది. రసీదు మెయిల్ రాకపోతే సబ్మిట్ అయినట్టు చూపే తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మార్కులు వచ్చాక నంబరు చూసి మూసేయకుండా ఇన్‌స్ట్రక్టర్ కామెంట్లు ఒక ఫైల్‌లోకి దించుకోండి. తర్వాతి ఎస్సే మొదలుపెట్టే రోజు ముందుగా తెరవాల్సింది ఆ ఫైలే.