కవిత కింద ఏం రాయాలి: పర్లాకిమిడి నుంచి కొన్ని సూచనలు

"అద్భుతం సార్", "సూపర్ మేడమ్", రెండు చేతులు జోడించిన బొమ్మ, మూడు గులాబీలు. వాట్సాప్‌లో కవిత పెట్టిన ఎవరికైనా వచ్చేవి ఇవే. కవిత బాగున్నా ఇవే, బాగోకపోయినా ఇవే, అసలు చదవకపోయినా ఇవే. పెట్టిన మనిషికి ఆ పూటకి సంతోషంగా ఉంటుంది. ఏ పాదం నిలబడిందో, ఏది చదివేవాళ్ళకి అందలేదో మాత్రం తెలియదు. వచ్చే వారం మళ్ళీ అలాంటిదే ఇంకొకటి రాస్తారు.

నాకు ఒడిశాలోని పర్లాకిమిడిలో జెరాక్స్, డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ టైపు చేస్తాను. రాత్రి షట్టరు దించాక మా కవుల గ్రూపు అడ్మిన్ పని. మా ఊరివాళ్ళతో పాటు కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్ళున్నారు, పాతపట్నం నుంచీ కొందరున్నారు. రిటైరైన మాస్టార్లు, ఒక నర్సు, కిరాణా కొట్టాయన, డిగ్రీ చదివే పిల్లలు. పత్రికలో పేరు చూసుకున్నవాళ్ళు తక్కువే. ఇలాంటి గ్రూపులో కవిత ఎలా పెట్టాలి, పక్కవాళ్ళ కవితకి ఎలా జవాబివ్వాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. గ్రూపు ఎలా నడపాలన్నది వేరే తలనొప్పి, అందులోకి వెళ్ళను.

ముందు జవాబు సంగతి. మా దగ్గర ఉన్న గట్టి నియమం ఒక్కటే: కవితలోంచి ఒక పాదం ఎత్తి రాయకుండా అభిప్రాయం చెప్పకూడదు. "బాగుంది" అనాలంటే ఏ పాదం బాగుందో అది కాపీ చేసి పెట్టి, అక్కడ మీకు ఏం కనిపించిందో ఒక వాక్యం రాయాలి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఈ ఒక్క పనికి కవిత రెండుసార్లు చదవక తప్పదు. ఒకసారి పైకి చదవండి. కళ్ళతో చూస్తే దాటిపోయే చోట నాలుక ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో అదే మీరు చెప్పాల్సింది.

రెండోది, తీర్పు ఇచ్చే బదులు ప్రశ్న అడగండి. మా నర్సమ్మగారు ఒక నానీ పెట్టారు. నానీ అంటే చాలామందికి తెలిసే ఉంటుంది, ఎన్. గోపి గారు 1997లో మొదలుపెట్టిన ప్రక్రియ: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, మొదటి రెండు పాదాల్లో ఒక మాట, తర్వాతి రెండింటిలో ఇంకో మాట. ఆవిడ రాసింది ఇది:

రైలు
పర్లాకిమిడి దాటింది
అమ్మ జ్ఞాపకాలు
గుండెను కలచివేశాయి

గులాబీలు వచ్చాయి. ఒక కుర్రాడు మాత్రం, "మూడో పాదం దగ్గర నాకేమీ కనపడలేదండీ. మీ సంచిలో ఏముంది?" అని అడిగాడు. మర్నాడు ఆవిడ మార్చి పెట్టారు:

రైలు
పర్లాకిమిడి దాటింది
సంచిలో ఆవకాయ
ఇంకా ఇల్లనుకుంటోంది

లెక్కపెట్టి చూడండి, రెండింటిలోనూ 25 అక్షరాలే. నియమం రెండూ పాటించాయి. "జ్ఞాపకాలు", "గుండె", "కలచివేశాయి" అన్న మాటలు ఎవరి అమ్మ మీదైనా రాయొచ్చు. ఆవకాయ ఆ అమ్మ చేత్తో కట్టి ఇచ్చింది. ఆ కుర్రాడు "మూడో పాదం పేలవంగా ఉంది" అని ఉంటే ఆవిడ నొచ్చుకుని ఊరుకునేవారు, నానీ అలాగే ఉండిపోయేది.

ప్రశ్న నిజంగా తెలుసుకోవాలని అడిగింది అయ్యుండాలి, పరీక్ష పెట్టినట్టు కాదు. మా వైపు రైలు మీద కవితలు చాలా వస్తాయి. నౌపడా నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు నేరోగేజి బండి ఉండేది. 2004లో ఆగిపోయింది, 2011లో బ్రాడ్‌గేజి మీద మళ్ళీ వచ్చింది. ఆ చిన్న బండి అంటే అందరికీ ప్రేమే. డిగ్రీ కుర్రాడొకడు "నా చిన్ననాటి చిన్న రైలు" అని పొగతో సహా రాశాడు. వాడి వయసు లెక్కేస్తే బండి ఎక్కే అవకాశం లేదు. "అబద్ధం రాశావు" అనొచ్చు, అంటే గొడవే. ఒక మాస్టారు ఇలా అడిగారు: "ఇది మీ తాత చెప్పిందా బావు? అయితే ఆయన ఎలా చెప్పాడో అలాగే రాయి." తర్వాత వచ్చిన కవితలో తాత మాట్లాడాడు. అది చదివి పెద్దవాళ్ళు వరసగా తమ ప్రయాణాలు రాశారు.

పద్యానికి జవాబు

వచన కవిత కంటే పద్యం దగ్గర మనస్తాపాలు ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ తప్పు లెక్కకి దొరుకుతుంది. దొరికింది కదా అని "యతి తప్పింది" (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జత అక్షరం కుదరలేదు) అని రెండు మాటలు రాసి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. అది పోలీసు చలానా. తప్పు చెప్పేటప్పుడు ఎక్కడ, ఎందుకు అన్న రెండూ చెప్పండి, వీలైతే ఒక దారి చూపించండి.

ఉదాహరణకి ఒకరు ఆటవెలది పద్యం రెండో పాదం ఇలా రాశారు: "వానకాలమందు పొంగు ధార". గణాలు, అంటే గురువులు (పొడుగ్గా పలికేవి), లఘువుల (పొట్టిగా పలికేవి) జట్లు, సరిపోయాయి, రెండో పాదంలో ఉండాల్సిన ఐదు సూర్యగణాలూ (చిన్న గణాలు) ఉన్నాయి. యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద పడాలి. అక్కడ "పొ" ఉంది, పాదం మొదట్లో "వా" ఉంది. రెండూ కుదరవు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా లేదు. దీనికి వచ్చిన జవాబుల్లో నాకు నచ్చింది గుణుపురం ఆయన రాసింది: "ఏ ధారండీ? మన వంశధారేనా? అయితే పేరు పెట్టండి." పెడితే "వానకాలమందు వంశధార". గణాలు చెడలేదు, "వా"కి "వం" యతి కుదిరింది, ఏ నదో తెలిసిపోయింది. ఛందస్సు సవరణ అర్థానికి కూడా పనికొస్తే అంతకంటే ఏం కావాలి.

ఛందం లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, పద్యం పేస్ట్ చేస్తే గణాలు, యతులు పరీక్షిస్తుంది. పెట్టే ముందు అందులో ఒకసారి చూసుకుంటే గ్రూపులో అందరి సమయం మిగులుతుంది. అది చెప్పలేనిది ఒకటుంది. గణం నింపడానికి వేసిన "ఇలను", "భువిని", "సతము" లాంటి మాటలు దానికి తప్పుగా కనపడవు. అవి పట్టుకోవడం మన పని. ఆ మాట తీసేస్తే అర్థం ఏమైనా తగ్గుతుందా అని అడిగితే చాలు, రాసినవాళ్ళకే తెలుస్తుంది.

పెద్దవాళ్ళకి తప్పు చెప్పడం ఇంకో చిక్కు. ఎనభై ఏళ్ళ మాస్టారు సీస పద్యం పెడతారు, మూడో పాదంలో ఒక గణం ఎక్కువైంది. ఎలా చెప్తాం? మేం చేసేది ఇది: "మాస్టారూ, మూడో పాదం నాకు అందలేదు. ఒకసారి చదివి వినిపిస్తారా?" ఆయన వాయిస్ మెసేజ్ పెట్టడానికి రాగం ఎత్తుకుంటారు, ఆ పాదం దగ్గర తడబడతారు, సవరించిన పద్యమే చదివి పంపిస్తారు. గ్రూపులో ఎవరూ ఏమీ అన్నట్టు ఉండదు. రెండు కంటే ఎక్కువ తప్పులుంటే మాత్రం విడిగా మెసేజ్ పెట్టండి, లేదా ఫోన్ చెయ్యండి.

ఇంకొక సందర్భం. ఎవరైనా తల్లో తండ్రో పోయిన వారంలో కవిత పెడితే దాన్ని కవితగా చూడొద్దు. మనిషికి జవాబివ్వండి. ఇంటికి దగ్గర్లో ఉంటే వెళ్ళి పలకరించండి. పాదాల సంగతి తర్వాత వాళ్ళు అడిగితే మాట్లాడుకోవచ్చు.

లిపి రాని పిల్లలు

ఇది మా ఒడిశా వైపు ప్రత్యేకంగా ఉండే సంగతి, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఇక్కడ చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, బడిలో చదివేది ఒడియా. పిల్లలకి తెలుగు అక్షరాలు రావు గానీ తెలుగులో కవిత వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో పంపిస్తారు, లేదా ఒడియా లిపిలో రాసి పంపిస్తారు. "ముందు అక్షరాలు నేర్చుకుని రా" అనే పెద్దమనుషులు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్ళ మాటకి ఒక పిల్ల వెళ్ళిపోతే ఆ పిల్ల ఇంక తెలుగులో రాయదు.

మేం వాయిస్ మెసేజ్ అడుగుతాం. కవిత వాళ్ళ గొంతుతో చదివి పెడితే, తెలుగు వచ్చిన ఒకరు టైపు చేసి కింద పెడతారు. టైపు చేసినవాళ్ళు దిద్దకూడదు, విన్నది విన్నట్టు రాయాలి. గొంతు ఎందుకంటే, ఒడియా లిపిలో ఎ, ఏ లకీ ఒ, ఓ లకీ తేడా లేదు. నెల, నేల ఒకేలా పడతాయి. పద్యమైతే గురువేదో లఘువేదో లిపి చూసి చెప్పలేం. ళ మాత్రం ఒడియాలో ఉంది కాబట్టి కల, కళ కలిసిపోవు. ఇంగ్లీషు అక్షరాల్లో అదీ పోతుంది. అందుకే నా ఓటు ఇంగ్లీషు కంటే ఒడియా లిపికే. కొందరు మాస్టార్లకి ఇది మింగుడుపడదు.

టైపు చేసిన తెలుగు పాఠం వెంటనే ఆ పిల్లకి పంపించండి. తన కవితే కాబట్టి ఏ అక్షరం ఏదో పోల్చుకుంటూ చదువుతుంది. వాచకం కంటే ఇది బాగా పనిచేస్తుందని మా అనుభవం.

భాష గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగులో రాయమని ఆయన పోరాడారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. ఆ ఊళ్ళోనే, ఇంట్లో "బేగి రా" అనే మనిషి కవితలో "త్వరితముగా రమ్ము" అని రాస్తాడు. దీనికి మా దగ్గర ఒకటే ప్రశ్న: "మీ ఇంట్లో ఇలాగే అంటారా?" పద్యంలో గ్రాంథికానికి చోటుంది, వద్దనను. వచన కవితలో అమ్మ నోట పలికించే మాట అమ్మదై ఉండాలి. ఇంకొకటి, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కాబట్టి ఆ రోజు "తేనెలొలుకు తెలుగు" కవితలు వరదలా వస్తాయి. మా గ్రూపులో ఆ ఒక్క రోజు తెలుగు గొప్పతనం మీద కవిత పెట్టకూడదు. తెలుగులో ఇంకేదైనా రాయాలి, దోమల మీదైనా సరే.

పెట్టేటప్పుడు

సూర్యోదయం బొమ్మ మీద ఎర్ర అక్షరాలతో కవిత పెట్టకండి. దాన్లోంచి పాదం కాపీ చేయడం కష్టం, కాపీ చేయలేకపోతే ఎవరూ దాని గురించి మాట్లాడరు. యూనికోడ్‌లో టైపు చేసి నేరుగా పెట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో చేయించుకున్నది పేస్ట్ చేస్తే ఫోన్లో పిచ్చి గీతలు వస్తాయి. మాట్లాడితే టైపయ్యే సౌకర్యం వాడేవాళ్ళు ఒత్తులు ఒకసారి చూసుకోండి. సీసం లాంటి పొడుగు పాదాలు ఫోన్ తెరమీద ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి కాబట్టి ప్రతి పాదాన్నీ సగానికి మీరే విరిచి పెట్టండి.

పొద్దున్న గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య పెట్టొద్దు. రాత్రి భోజనాలయ్యాక పెడితే చదువుతారు. ఒకే కవితని పది గ్రూపుల్లో ఒకేసారి వెయ్యడం, ఫేస్‌బుక్‌లో అందర్నీ ట్యాగ్ చెయ్యడం ఇంకా పాడు అలవాటు. పైన ఒక వాక్యం చేర్చండి, ఏం కావాలో: "చివర్లో రెండు పాదాలు ఎక్కువయ్యాయా చెప్పండి" అనో, "ఛందస్సు చూడండి" అనో. ఏమీ వద్దు, ఊరికే చదవండి అన్నా తప్పులేదు, అప్పుడు ఎవరూ కత్తెర తియ్యరు. పత్రికకి పంపే ఉద్దేశం ఉంటే ముందు పంపి, తర్వాత గ్రూపులో పెట్టడం మంచిది. చాలా పత్రికలు ఎక్కడా రానిదే అడుగుతాయి.

అభిప్రాయం వచ్చాక వివరణ రాయకండి. "నా ఉద్దేశం ఏమిటంటే" అని కవితకంటే పెద్ద మెసేజ్ పెడితే, తర్వాతి వారం మీకు మళ్ళీ గులాబీలే వస్తాయి. "చూస్తానండీ" అని ఊరుకోండి. మార్చాలనిపిస్తే మార్చండి, లేకపోతే లేదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపే దిద్దొచ్చు, అది అక్షరదోషాలకే వాడండి. అసలు మార్పు చేస్తే "సవరించినది" అని పైన రాసి, పాతదానికే రిప్లయ్‌గా కొత్తది పెట్టండి. పాతది డిలీట్ చేస్తే దానికింద ఓపిగ్గా రాసినవాళ్ళ మాటలు దేని గురించో తెలియకుండా పోతాయి. కొత్తగా చేరినవాళ్ళు ఆ రెండూ పక్కపక్కన చూసే నేర్చుకుంటారు.

పేరు లేకుండా తిరిగే కవితల సంగతి: ఫార్వర్డ్ చేసేటప్పుడు రాసినవాళ్ళ పేరు తెలియకపోతే పంపకండి. ఎవరైనా వేరేవాళ్ళది తన పేరుతో పెట్టారని అనుమానం వస్తే ఒక పాదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. దొరికితే గ్రూపులో నిలదీయొద్దు, అడ్మిన్‌కి పంపండి.

చివరగా, ఫోన్ మారినప్పుడు కవితలన్నీ పోయాయని షాపుకి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. సవరించిన ప్రతి కవితనీ తేదీతో ఒక గూగుల్ డాక్‌లో వేసుకుంటూ ఉండండి. పుస్తకం వేసుకోవాలనుకుంటే ఆ ఫైలు తెస్తే చాలు. మధ్యలో పిన్ను కొట్టే చిన్న పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, కాబట్టి 28 కానీ 32 కానీ చూసుకుని కవితలు ఎంచుకోండి. పేజీలు మిగిలాయని అప్పటికప్పుడు షాపు బల్ల మీద కూర్చుని కవిత రాసేవాళ్ళు ఉన్నారు. దాన్ని కూడా ముందు గ్రూపులో పెట్టి రమ్మంటాను.